సూక్ష్మవస్తువుల గమనం – అనిశ్చితత్వ సూత్రం

కోనసీమలోని సఖినేటిపల్లి రేవు నుండి ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురానికి పంటు బయలుదేరిందనుకొందాం. ఒడ్డున నిలిచినవారు అది ఏ క్షణాన ఎక్కడ ఉన్నదో, ఎంత వేగంతో పోతున్నదో ఏకకాలంలో గుర్తించగలరు. ఆ రెండింటితో పాటు దానిపై పనిచేసే బలాలు కూడ తెలిస్తే, అది ఎప్పుడు ఆవలి రేవు చేరుతుందో లెక్కకట్టవచ్చు. ఈ నియమం సమస్త వస్తువులకూ వర్తిస్తుందని న్యూటన్ నాటి నుండి శాస్త్రజ్ఞులు విశ్వసించారు.

ఆ విశ్వాసానికి 1927లో ఒక హద్దు ఏర్పడింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు వెర్నర్ హైసెన్‌బర్గ్ ఆ సంవత్సరం అనిశ్చితత్వ సూత్రాన్ని ప్రతిపాదించాడు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. కణం స్థానం ఎంత నిర్దిష్టమైతే దాని ద్రవ్యవేగం అంత అనిర్దిష్టమవుతుంది. ఈ రెండు అనిశ్చితుల లబ్ధం ఎన్నడూ 5.3 × 10⁻³⁵ జౌల్-సెకన్ల కంటె తగ్గదు. ఈ విలువను దశాంశ రూపంలో వ్రాస్తే, బిందువు తరువాత ముప్పైనాలుగు సున్నాలు గడచిన పిదప గాని మొదటి అంకె కనబడదు.

ఇంత స్వల్పమైన విలువ ఎక్కడ ప్రభావం చూపుతుంది? సఖినేటిపల్లి మండలంలోనే వశిష్ఠ గోదావరి సాగరాన్ని కలిసే అంతర్వేది తీరాన ఒక మిల్లీగ్రాము ఇసుక రేణువును తీసికొందాం. దాని స్థానాన్ని మిల్లీమీటరులో వెయ్యవ వంతు వరకు నిర్ణయించినా, వేగంలో మిగిలే కనీస అనిశ్చితి అత్యల్పం. ఆ వేగంతో సంవత్సరం పాటు కదలినా అది దాటే దూరం సుమారు ఒక ప్రోటాన్ వ్యాసమంత! అందువల్ల రేణువు విషయంలో న్యూటన్ లెక్కకు లోటు రాదు.

ఎలక్ట్రాన్ సంగతి వేరు. దాని ద్రవ్యరాశి సుమారు 9.1 × 10⁻³¹ కిలోగ్రాములు. పరమాణువంత చోటులో, అనగా మీటరులో వెయ్యికోట్లవ వంతులో, అది ఉన్నదని నిర్ణయిస్తే, వేగంలో అనిశ్చితి సెకనుకు 580 కిలోమీటర్లకు తగ్గదు. ఇట్టి కణానికి పంటు దారి వలె ఒక మార్గాన్ని గీయడం అసాధ్యం. అది ఎక్కడ ఉండడానికి ఎంత అవకాశమున్నదో మాత్రమే చెప్పగలం. ఎలక్ట్రాన్ కేంద్రకంలో పడిపోకపోవడానికి కారణం కూడ ఇదే. చోటు ఇరుకైన కొలది దాని గతిశక్తి పెరుగుతుంది. పరమాణువులు నిలిచి ఉన్నది, వాటితో నిర్మితమైన ఈ జగత్తు నిలిచి ఉన్నది ఇందువల్లనే.

ఎలక్ట్రాన్ కంటె ఎంతో పెద్దవైన అణువులలో సైతం ఈ సూత్రం నిరూపితమైంది. 2002లో వియన్నా శాస్త్రజ్ఞులు డెబ్బై కార్బన్ పరమాణువులు గల అణువులను సన్నని చీలిక గుండా పంపారు. చీలికను బాగా ఇరుకు చేసినప్పుడు, వెలువడే అణుపుంజం విశాలంగా వ్యాపించింది.

ఈ అనిశ్చితి పరికరాల లోపం కాదు. పొగమంచులో పంటు కనబడకపోయినా, మంచు తొలగగానే కనబడుతుంది. ఎలక్ట్రాన్ విషయంలో తొలగవలసిన మంచు ఏదీ లేదు. అనిశ్చితి దాని స్వభావమే. అయితే లోకంలో ఏదీ నిశ్చయం కాదని ఈ సూత్రానికి అర్థం చెప్పడం పొరపాటు. ఏ వస్తువు విషయంలో ఎంతవరకు నిశ్చయంగా తెలియగలదో ఇది లెక్కతో సహా తెలుపుతుంది. జ్ఞానానికి గల మేరను ఇంత స్పష్టంగా నిర్ణయించడం కూడ జ్ఞానమే.