కోడికి గల బరి బాలికకు లేదా?

సంక్రాంతి సమీపించెననగానే గోదావరీ డెల్టా గ్రామములలో బరులు వెలయును. కొబ్బరితోటల నడుమ నేల చదును చేయబడును, పందిళ్లు లేచును, విద్యుద్దీపములు వెలుగును, శాసనము నిషేధించిన కోడిపందెములను జూచుటకు వేలకొలది జనము గుమిగూడుదురు. ఇంతటి యేర్పాటును అనతికాలమున చేయగల సామర్థ్యము మన గ్రామములకు గలదని సంతోషింపవలెనో, అది యెందులకు వినియోగమగుచున్నదో తలచి చింతింపవలెనో మాకు తోచకున్నది. ఏలయన, అదే గ్రామమున బాలికలు ఆడుకొనుటకు ఒక్క ఎకరము చోటు కావలెనన్నచో, లేదను ప్రత్యుత్తరమే తరచుగా వినవచ్చును.

స్త్రీల ప్రాంతీయ రగ్బీ పోటీలను గూర్చి మేము వ్రాయబూనుటకు ఇదియే హేతువు. రగ్బీ యన్నంతనే, అది పరదేశపు మోటు ఆట, మన బాలికలకు దానితో నేమి పని యని కొందరు పాఠకులు తలంపవచ్చును. అట్టివారు మన చెడుగుడును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. చెడుగుడునందు పక్షమునకు ఏడుగురు. 1883లో స్కాట్లండునందలి మెల్రోజు పట్టణమున పుట్టిన ఈ పొట్టి రగ్బీయందును పక్షమునకు ఏడుగురే. రెంటియందును ప్రత్యర్థిని ఒడిసిపట్టవలెను. పట్టు వదలించుకొని గీత దాటవలెను. రగ్బీలో బంతిని చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కనో వెనుకనో యున్న సహచరికి అందింపవలెను. కావున ప్రత్యర్థుల నడుమనుండి దానిని మోసికొని పరుగెత్తు ధైర్యమే ఈ యాటకు ప్రాణము. ఏడేసి నిమిషముల రెండు భాగములతో ఆట ముగియును గనుక, ఒక్క మైదానమున ఒక్క దినములోనే పెక్కు జట్లు తలపడవచ్చును. స్వల్పవ్యయముతో ప్రాంతీయ పోటీ జరుపుటకు ఇంత అనుకూలమైన క్రీడలు అరుదు.

2016లో రియో ఒలింపిక్సునందు ఈ యాట స్త్రీలకును పురుషులకును ఒక్కసారియే ప్రవేశపెట్టబడినది. స్త్రీలలో ఆనాడు ఆస్ట్రేలియాయు, 2021లో టోక్యోయందును 2024లో పారిసునందును న్యూజీలండును స్వర్ణపతకమును గైకొన్నవి. ఇవి సంపన్నదేశముల ముచ్చటలందురా? బీహారును జూడుడు. పట్నా జిల్లా పల్లెనుండి వచ్చిన స్వీటీ కుమారి 2019లో అంతర్జాతీయ యువ క్రీడాకారిణిగా ఎన్నిక గన్నది. నలందా జిల్లాలోని రాజగీరులో 2025 ఆగస్టున జరిగిన ఇరువదేండ్లలోపువారి ఆసియా పోటీలో భారతబాలికలు కాంస్యమును సంపాదించిరి. ధాన్యాగారమని పేరొందిన మన డెల్టాకంటె ఆ పల్లెలు భాగ్యవంతములు కావు. వారికి లభించినవి చోటును, శిక్షణమును, ఆడుటకు పోటీలును.

ధైర్యమునకు మన స్త్రీలయందు కొరత యున్నదా? ధవళేశ్వరమున 1874లో వీరేశలింగము పంతులుగారు బాలికాపాఠశాలను నెలకొల్పినపుడు, ఆడపిల్లకు అక్షరమేల యని గేలిచేసినవారు గలరు. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచి, చీటి లేదని జవహరులాలు నెహ్రూగారినే నిలువరించినది. అప్పటికామె పదునాలుగేండ్ల బాలిక. అట్టి బాలికలను గన్న గడ్డమీద నేటి పదునాలుగేండ్ల బాలిక ఈడు వచ్చినదను కారణమున ఆట మానుకొనవలసివచ్చుట మనకు గౌరవము గాదు.

దెబ్బలు తగులునని తల్లిదండ్రులు భయపడుదురు. ఆ భయము నిరాధారము గాదు. దానిని పరిహసించుట మాకు సమ్మతము గాదు. ఇందులకే క్రీడానిబంధనములు భుజములకు పైభాగమున పట్టుటను నిషేధించినవి. తలకు దెబ్బ తగిలెనని అనుమానము కలిగినంతనే క్రీడాకారిణిని మైదానమునుండి తొలగింపవలెనని శాసించుచున్నవి. వైద్యుడును, నిబంధన లెరిగిన తీర్పరియు లేని చోట పోటీ పెట్టరాదు. కాని అపాయమును నివారించుట వేరు. అపాయమను పేరిట బాలికను ఇంట కూర్చుండబెట్టుట వేరు.

కావున మేము కోరునది స్వల్పము. రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము, ఏలూరులలో ఒక్కొక్క మైదానమును వారమునకు కొన్ని సాయంకాలములైనను బాలికలకే ప్రత్యేకింపవలయును. దుస్తులు మార్చుకొను గదియు, మరుగుదొడ్డియు, చీకటిపడకముందే ఇల్లుజేర్చు వాహనమును ఉండవలయును. చెడుగుడు నేర్చిన బాలికలకు రగ్బీ నేర్పింపవలయును. ఏటేట ఒకచోట ఏడుగురేసి జట్లకు ప్రాంతీయ పోటీ జరుపవలయును. సంక్రాంతి చందాలలో కొంతభాగమును గ్రామపెద్దలు ఇందులకు మరలించిన, ప్రభుత్వము కొరకు నిరీక్షింప బనిలేదు.

ధవళేశ్వరము ఆనకట్టకు పూర్వము గోదావరిలో నీరు లేకపోలేదు. వరదగా వచ్చి ఊళ్లను ముంచి సముద్రమున గలిసిపోవుచుండెను. 1847 మొదలు 1852 వరకు శ్రమించి కట్టిన ఆనకట్ట ఆ నీటిని నిలిపి కాలువలకు మరల్చినది, డెల్టా సస్యశ్యామలమైనది. మన బాలికల శక్తియు నేడట్లే వృథాగా పోవుచున్నది. కోళ్లకు బరి గీయగల చేతులు ఈ బాలికలకు మైదానము గీయలేవా? రానున్న సంక్రాంతికి డెల్టాలోని ప్రతి గ్రామపెద్దయు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసియున్నది.