కోడికి గోలీ సోడా

మే నెలలో తణుకు చుట్టుపక్కల ఏ లేయర్ ఫారానికైనా వెళ్లి గుడ్ల గదిలో కాసేపు నిలబడండి. గుడ్లు ఏరేవాళ్లు చేతిలోకి రెండేసి తీసుకుని ఒకదానికొకటి మెల్లగా తాకిస్తుంటారు. పెంకు గట్టిదైతే టక్కుమని మోగుతుంది. వెంట్రుకంత పగులున్నా, అది కంటికి ఆనకపోయినా, చప్పుడు బోలుగా వస్తుంది. ఆ గుడ్డు ట్రేలోంచి పక్కకు పోతుంది. అలా పోయినవి బేకరీలకో, నూడుల్స్ బండ్లకో తక్కువ ధరకు వెళ్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ గుడ్లు అంతదాకా ఆగవు. ఎండలు ముదిరే కొద్దీ పగుళ్ల ట్రేలు పెరుగుతూనే ఉంటాయి.

2022-23లో దేశం మొత్తం మీద 13,838 కోట్ల గుడ్లు ఉత్పత్తయితే అందులో ఐదో వంతు ఒక్క ఆంధ్రప్రదేశ్‌దే. తెలంగాణ కూడా మొదటి వరసలోనే ఉంది. దేశానికి గుడ్లు పెట్టే కోళ్లలో ఇన్ని మండే ఎండల ప్రాంతంలోనే ఉన్నాయి కాబట్టి ఈ పగుళ్ల సంగతి చిన్నది కాదు.

ఎండ వచ్చి పెంకును పగలగొట్టదు. పెంకు పలచగా తయారవుతుంది, తర్వాత లారీ కుదుపుకో ట్రే బరువుకో పగులుతుంది. ఎందుకు పలచబడిందని రైతును అడిగితే, వేడికి కోడి మేత తినదు, కాల్షియం చాలదు అంటాడు. నిజమే. కానీ అది సగమే. మిగతా సగం కోడి ఊపిరిలో ఉంది.

మామూలు గుడ్డు పెంకు అయిదున్నర గ్రాముల దాకా తూగుతుంది. అందులో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. దీనిలో కాల్షియం నూటికి నలభై పాళ్లు మాత్రమే. పెంకు మొత్తంలో అది 2.2 గ్రాములకు మించదు. మిగిలిన మూడు గ్రాముల పైచిలుకూ కార్బొనేటు. కాల్షియాన్ని మనం డబ్బు పెట్టి కొని దాణాలో కలుపుతాం. కార్బొనేటును ఎవరూ కొనరు. తిన్న దాణా ఒంట్లో శక్తిగా మారేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడే నెత్తుటిలో కరిగి బైకార్బొనేటు అవుతుంది, గర్భాశయంలో పెంకు కట్టేచోట కార్బొనేటుగా మారి కాల్షియంతో కలుస్తుంది. మనమంతా వ్యర్థమని బయటికి వదిలే వాయువును కోడి కొంత అట్టేపెట్టుకుని వాడుకుంటుంది. గుడ్డు తయారీకి 24 నుంచి 26 గంటలు పడితే అందులో సుమారు 20 గంటలు ఈ పెంకు పనికే పోతాయి. ఎక్కువభాగం రాత్రిపూట జరుగుతుంది.

ఇప్పుడు ఎండ సంగతి. కోడికి చెమట పట్టదు, ఆ గ్రంథులే లేవు. మామూలు రోజుల్లోనే ఒంటి వేడి 41 డిగ్రీల పైన, దాని మీద ఒంటినిండా ఈకలు. చుట్టూ 18 నుంచి 24 డిగ్రీలుంటే దానికి హాయి. అది దాటితే రెక్కలను ఒంటికి దూరంగా ఎత్తి పట్టుకుంటుంది. నెత్తుటిని తురాయికీ, తమ్మెలకూ, కాళ్లకూ మళ్లిస్తుంది. ఇంకా కాగితే ఇక ఒకటే దారి, ముక్కు తెరిచి రొప్పడం. నిమిషానికి ఇరవై ముప్పై సార్లు ఆడే ఊపిరి నూట యాభై దాటిపోతుంది. గొంతులోని తడి ఆవిరై ఒంటి వేడిని కొంత తీసుకుపోతుంది. ప్రాణం నిలుస్తుంది.

కానీ ఆ రొప్పుతో కార్బన్ డయాక్సైడ్ కూడా హద్దు మీరి పోతుంది. నెత్తురు క్షారగుణానికి తిరుగుతుంది, బైకార్బొనేటు పడిపోతుంది. క్షారం పెరిగిన నెత్తుటిలో కాల్షియం ప్రొటీన్లకు అంటుకుపోయి, విడిగా తిరిగేది తగ్గుతుంది. నెత్తురు చర్మం వైపు మళ్లడంతో గర్భాశయానికి చేరేదే తక్కువవుతుంది. రాయి సగమే వచ్చింది, సున్నం సగమే వచ్చింది, పొద్దుటికల్లా గోడ పూర్తికావాలంటే మేస్త్రీ ఏం చేస్తాడు? పలచగా కట్టేస్తాడు.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఓడమ్, హారిసన్, మరొక సహచరుడు ఈ తర్కాన్ని తిరగేసి ఆలోచించారు. ఊపిరితో పోయిన వాయువును నీళ్లతో తిరిగి ఇస్తే? వేడి గదిలో ఉంచిన వైట్ లెగ్‌హార్న్ కోళ్లకు గ్యాసు కలిపిన నీళ్లు తాగించారు. మనం గోలీ కొట్టి తాగే సోడాలో ఉండేది ఆ గ్యాసే. పెంకులు మెరుగుపడ్డాయి. 1985లో ‘పౌల్ట్రీ సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. చదవగానే నవ్వొస్తుంది గానీ, పెంకు పలచబడటానికి కారణం మేత ఒక్కటే కాదని ఇంతకంటే సూటిగా చెప్పే ప్రయోగం నాకు తెలిసి మరొకటి లేదు.

వేల కోళ్లకు సోడా తాగించడం అయ్యే పని కాదు. గ్యాసు సిలిండర్లు కావాలి, గొట్టాల్లో పారేలోపే గ్యాసు తప్పించుకుంటుంది. అదే పనికి వేసవి దాణాలో వంట సోడా కలుపుతున్నారు, ఎందుకంటే అది నేరుగా బైకార్బొనేటే. ఇక్కడో మెలిక ఉంది. వంట సోడా కలిపితే కొన్ని ప్రయోగాల్లో లాభం కనబడింది, కొన్నింట్లో లేదు. ఆస్ట్రేలియాలో బాల్నేవ్, ముహీరెజా 1997లో దీనికొక కారణం చూపారు. పెంకు కట్టే వేళకు, అంటే రాత్రిపూట, ఆ దాణా కోడికి అందుబాటులో ఉంటేనే పెంకు బాగుపడింది. పగలు తిన్నది తెల్లారేదాకా నిలవదు. ఇంకోటి, వంట సోడాలోనూ సోడియం ఉంటుంది కాబట్టి ఆ మేరకు దాణాలో ఉప్పు తగ్గించాలి. లేకపోతే రెట్ట నీళ్లవుతుంది, షెడ్డు కంపు కొడుతుంది.

అందుకే నా దృష్టిలో వేసవి నిర్వహణలో అసలు కొత్తదనం సీసాల్లో లేదు, గడియారంలో ఉంది. తిన్న మేత అరగడం వల్ల కూడా ఒంట్లో వేడి పుడుతుంది. పదింటికి బాగా తినిపిస్తే ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండకు తోడవుతుంది. తెల్లవారుజామున, మళ్లీ ఎండ తగ్గాక మేపి, అర్ధరాత్రి ఒక గంట లైట్లు వేసి తినడానికీ తాగడానికీ అవకాశమిచ్చే పద్ధతి ఇందుకే పుట్టింది. సాయంత్రం మేతలో సున్నపురాయిని పొడిగా కాకుండా రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల నూకగా వేస్తే ఆ రాళ్లు కందనకాయలో నిలిచి, రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతూ కాల్షియం అందిస్తాయి. అవి లేకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. దానికోసమే కాళ్ల ఎముకల లోపల ప్రత్యేకంగా ఒక మెత్తని ఎముకను నిల్వ చేసుకుంటుంది. (మోంటానాలో దొరికిన ఒక టైరనోసారస్ తొడ ఎముకలో 2005లో మేరీ ష్వైట్జర్ బృందం ఇలాంటి ఎముకనే గుర్తించి, అది గుడ్లు పెట్టే దశలో ఉన్న ఆడదని చెప్పింది. కోళ్ల దూరపు చుట్టరికం అక్కడిదాకా పోతుంది.) ఆ నిల్వా చాలకపోతే మిగతా ఎముకలు అరుగుతాయి. అప్పుడు నష్టం పెంకుతో ఆగదు, కోడి కాళ్లూ రొమ్ము ఎముకా పెళుసెక్కి విరుగుతాయి.

ఇక చల్లబరచడం. ఒక్కో లేయర్ కోడి దాదాపు పది వాట్ల వేడి వదులుతుంది, పదివేల కోళ్ల షెడ్డులో లక్ష వాట్లన్నమాట. నీటి తుంపర చల్లే ఫాగర్లు పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. నీరు ఆవిరైతేనే చల్లదనం, గాలి పొడిగా ఉంటేనే ఆవిరవుతుంది. నలభై డిగ్రీల ఎండలో గాలి తేమ పాతిక శాతమే ఉంటే, నీటిని ఆవిరి చేసి సిద్ధాంతరీత్యా 24 డిగ్రీల దాకా దించవచ్చు. తెలంగాణ మధ్యాహ్నాలు చాలావరకు ఇలాంటివే. అదే కోస్తాలో 36 డిగ్రీలకు 70 శాతం తేమ తోడైతే 31కి దిగువకు తేవడం ఎవరి తరమూ కాదు. అంతకంటే ముఖ్యం, రొప్పే కోడి కూడా అదే సూత్రం మీద బతుకుతోంది. గాలి కదలని షెడ్డులో, ఉక్కపోత రోజున, ఫాగర్ తిప్పితే దాని చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధాన్ని మనమే లాక్కున్నట్టు. అలాంటి రోజు కావలసింది ఫ్యాన్లు, నీటి తుంపర కాదు. ఏ రోజు ఏది వాడాలో చెప్పడానికి ఖరీదైన సెన్సర్లే అక్కర్లేదు. కోడి ఎత్తులో రెండు థర్మామీటర్లు వేలాడదీసి, ఒకదాని బుడిపెకు తడి దూది వత్తి చుట్టండి. రెండింటికీ తేడా ఎక్కువుంటే ఫాగర్, తక్కువుంటే ఫ్యాన్.

రేకులకు తెల్ల సున్నం, పైన తాటాకు, నీళ్ల ట్యాంకుకు నీడ, ఎండలో పడి ఉన్న గొట్టాలను మట్టిలో పాతిపెట్టడం, ఇవి అందరికీ తెలిసినవే. చాలామంది చేయనివి కూడా. నిప్పల్‌లోంచి వేడినీళ్లు వస్తుంటే కోడి తాగదు, వాటిలో ఎంత మంచి మందు కలిపినా వృథా.

పెద్ద ఫారాలు ఈసీ షెడ్ల వైపు, అంటే లోపలి వాతావరణాన్ని అదుపులో ఉంచే షెడ్ల వైపు వెళ్తున్నాయి. ఒక చివర తడి ప్యాడ్లు, మరో చివర పెద్ద ఫ్యాన్లు, మధ్యలో సొరంగంలా గాలి. వేసవి పగుళ్లు తగ్గుతాయి, మేత వృథా తగ్గుతుంది. కానీ గోడలు మూసిన ఆ షెడ్డులో కరెంటు పోయి జనరేటర్ కూడా మొరాయిస్తే కోళ్లు గంటల్లోనే చచ్చిపోతాయి. పైగా పెట్టుబడి భారీగా కావాలి. చిన్న రైతు దాన్ని చూసి చిన్నబోనక్కర్లేదు. లెక్క వేసుకుందాం. పదివేల కోళ్లు, రోజుకు 9,000 గుడ్లు, వేసవి వల్ల అదనంగా మూడు శాతం పగులుతున్నాయనుకుంటే 270 గుడ్లు, అంటే తొమ్మిది ట్రేలు. గుడ్డుకు రెండు రూపాయలు తగ్గినా రోజుకు 540 రూపాయలు. సున్నం పూతకూ, నూకరాయికీ, రాత్రి గంటసేపు వెలిగే బల్బులకూ అయ్యే ఖర్చు ఇందులోంచే వస్తుంది.

వేడి విషయంలో కోడి బాధా, రైతు నష్టమూ ఒకే గుడ్డు మీద రాసి ఉంటాయి. అందుకే ఇక్కడ సంక్షేమం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. కానీ అన్ని బాధలూ ఇలా బయటపడవు. ఇరుకు పంజరంలో రెక్క చాచలేని కోడి కూడా, షెడ్డు చల్లగా ఉంటే, గట్టి పెంకుతో నిక్షేపంగా గుడ్లు పెడుతుంది. కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనలు పంజరంలో ఒక్కో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు అడుగుతున్నాయి, ఏ4 కాగితం కంటే అది చిన్నదే. ఆ కాస్త చోటు ఎక్కువిస్తే వేసవిలో కోడి రెక్కలు ఎత్తి చల్లబడగలదు, అంతమేరకు లాభమూ ఉంది. మిగతా ఏడాదంతా మాత్రం అదే షెడ్డులో కోళ్లు తగ్గుతాయి, ఒక్కో గుడ్డు మీద పడే ఖర్చు పెరుగుతుంది. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ప్రకటించే రేటు గుడ్డుకే గానీ, ఆ గుడ్డు పెట్టిన కోడికి ఎంత చోటిచ్చారన్నదానికి కాదు. కాబట్టి ప్రస్తుతానికి ఆ ఖర్చు రైతు జేబులోదే.