సుత్తి పట్టిన చేతికి మౌస్ పాఠం

పశ్చిమ బెంగాల్‌లో హౌరా దాటగానే వచ్చే స్టేషన్ లిలువా. 1900లో ఈస్టిండియన్ రైల్వే ఇక్కడ నెలకొల్పిన కర్మాగారం నేటికీ రైలు పెట్టెలకు మరమ్మతులు చేస్తున్నది. ఇనుముతోనే జీవితం గడిపిన కార్మికులకు ఇప్పుడు కంప్యూటర్ అనే కొత్త పనిముట్టు తప్పనిసరి అయింది.

రైల్వే ఉద్యోగులకు ఒకప్పుడు పాసులు కాగితంపై అందేవి. 2020 ఆగస్టులో ఈ-పాస్ విధానం రావడంతో దరఖాస్తు, జారీ ఆన్‌లైన్‌కు మారాయి. పింఛనుదారులు ఇంటి నుంచే జీవన ధ్రువపత్రం పంపగల ‘జీవన్ ప్రమాణ్’ 2014 నవంబరులో మొదలైంది. తెలిసినవారికి ఇవి సౌకర్యాలు. తెలియనివారు మాత్రం తమ పాస్‌వర్డ్‌ను పరాయి చేతికి అప్పగించవలసి వస్తున్నది. ఆ రహస్యం చేయి దాటితే సొమ్మూ దాటిపోవచ్చు.

కంప్యూటర్ ఈ ప్రాంతానికి కొత్త కాదు. దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్‌ను 1950 దశకం మధ్యలో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో నెలకొల్పారు. 1960 దశకంలో జీవిత బీమా సంస్థ కంప్యూటర్ తేబోగా, కొలువులు పోతాయన్న ఆందోళనతో ఉద్యోగులు ఇదే నగరంలో అడ్డుకున్నారు. నాడు యంత్రం వస్తే ఉపాధి పోతుందని భయం. నేడు యంత్రం నడపడం రాకపోతే హక్కు చేజారుతుందని భయం.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఐదేళ్లు, ఆ పైబడినవారిలో కంప్యూటర్ నడపగలిగినవారు పట్టణాల్లో 32.4 శాతం, గ్రామాల్లో 9.9 శాతం మాత్రమే. ఈ లోటు పూడ్చేందుకు కేంద్రం 2017లో చేపట్టిన గ్రామీణ డిజిటల్ సాక్షరతా పథకం కింద ఇంటికొకరు చొప్పున 20 గంటల శిక్షణ ఇచ్చారు. 2024 మార్చి 31న ముగిసేనాటికి 6.39 కోట్ల మంది శిక్షణ పొందారు. అయితే ఆ పథకం గ్రామాలకే, 14 నుంచి 60 ఏళ్లలోపు వారికే పరిమితం. లిలువా వంటి పట్టణ ప్రాంతంలోని వృద్ధ పింఛనుదారుకు రెండు విధాలా ఆ తలుపు తెరుచుకోలేదు.

ఈ విషయంలో తెలుగునాట అనుభవం ప్రస్తావించదగినది. ఎఫ్.సి. కోహ్లీ ప్రేరణతో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2000లో మెదక్ జిల్లాలో కంప్యూటర్ ద్వారా వయోజన విద్య ప్రారంభించింది. అక్షరమాల మొత్తం వల్లె వేయించకుండా, నిత్యం వినే మాటలను బొమ్మల్లా గుర్తుపట్టించి, సుమారు 40 గంటల్లో చదవడం నేర్పడం దాని ప్రత్యేకత. పెద్దలకు తెలిసినదాని నుంచే తెలియనిది చెప్పాలన్నది అందులోని సూత్రం.

కంప్యూటర్ పాఠానికీ అదే వర్తిస్తుంది. యంత్ర భాగాల పేర్లతో కాక పాసు దరఖాస్తుతోనే తరగతి మొదలుకావాలి. ‘నొక్కితే పాడవుతుందేమో’ అన్న బెరుకు ముందుగా పోవాలి. 1990లో విండోస్ 3.0లో పేకాట చేర్చడానికి ఒక కారణం, మౌస్‌తో వస్తువును పట్టి జరపడం ఆడుతూ అలవడాలనే. బోధకుడు విసుగుతో మౌస్ లాక్కుంటే పని ముగుస్తుంది గానీ నేర్పు రాదు.

సేవలన్నీ తెరపైకి చేర్చిన ప్రభుత్వానికి, ఆ తెర వాడడం నేర్పే బాధ్యత కూడా ఉంది. పట్టణ కార్మికవాడల్లోని పెద్దలకు తమ భాషలో, తమ వేగంతో సాగే తరగతులు ఏర్పాటు చేయడం అందుకు తొలిమెట్టు.