2.4 నీటి ఉష్ణోగ్రత - ట్రౌట్ వేట

ట్రౌట్ చల్లని నీటి చేప. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. లీటరు మంచినీటిలో 10° సెల్సియస్ వద్ద సుమారు 11.3 మిల్లీగ్రాములు, 20° వద్ద సుమారు 9.1 మిల్లీగ్రాములు కరుగుతుంది. అదే సమయంలో చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. అందువల్ల నడివేసవిలో ట్రౌట్ చల్లని ఊటలను ఆశ్రయిస్తుంది. బాస్ చేప వెచ్చని నీటిని ఇంతకంటే బాగా తట్టుకుంటుంది.

ఫ్లై ఫిషింగ్‌లో కీటకాన్ని పోలిన కృత్రిమ ఎరను వాడతారు. పట్టిన చేపను తిరిగి వదిలినా, పెనుగులాడి అలసిన ట్రౌట్ వెచ్చని నీటిలో కోలుకోలేక చనిపోవచ్చు. అందుకే అమెరికాలోని మోంటానాలో నదీజలం వరుసగా 3 రోజులు 73° ఫారన్‌హీట్‌కు, అనగా సుమారు 23° సెల్సియస్‌కు చేరితే, మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు వేటను నిషేధించవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఉదయపు వేటకు అనుమతి ఎందుకు ఉంటుంది?