పొలిమేర దాటే హక్కు, దేశం దాటే అనుమతి

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో సుభాష్‌పల్లి ఒక వాడ. ఈ పట్టణంలోని తెలుగువాడు బజారులో వంగభాషలో బేరమాడుతాడు, పనిచేసేచోట హిందీలో మాట్లాడుతాడు, ఇంటికి వచ్చి కాళ్ళు కడుగుకొని తెలుగులో అన్నం పెట్టమంటాడు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పంతొమ్మిదవ శతాబ్ది చివర ఖరగ్‌పూర్‌ను తన ముఖ్యమైన కూడలిగా చేసుకొన్నది. నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు రైల్వే పనులకై ఇక్కడికి వచ్చి స్థిరపడినారు. వారి రాకకు కావలసినది రైలు టిక్కెట్టు ఒక్కటే. నీవు ఎవరవు, ఎందుకు వచ్చినావు, ఎప్పుడు తిరిగి పోతావు అని వారిని ఎవరూ అడుగలేదు.

స్వాతంత్ర్యానంతరం ఆ వాడుక హక్కుగా మారినది. భారత రాజ్యాంగంలోని 19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా సంచరించుటకు, ఏ ప్రాంతంలోనైనా నివసించి స్థిరపడుటకు ప్రతి పౌరునికి హక్కు ఇచ్చినది. వచ్చినవారి భాషకు సైతం గౌరవం లభించినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇచ్చుటకు నిర్ణయించినది.

అయితే దేశపు ఎల్ల దాటవలసి వచ్చినప్పుడు పరిస్థితి వేరు. సుభాష్‌పల్లిలో కాపురమున్న ఒక విశ్రాంత రైల్వే కార్మికుని కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొందాం. కూతురు అమెరికాలో ఉన్నది. ఆమెకు పురుటి రోజులు దగ్గరపడుతున్నవి. తల్లి తోడు కావలెను. తాతగారు శ్రీకాకుళం నుండి ఖరగ్‌పూరుకు వచ్చిననాడు ఎవరూ అడుగని ప్రశ్నలన్నీ, మనుమరాలిని ఎత్తుకొనబోయే అమ్మమ్మను ఇప్పుడు అడుగుతారు. ఆ ప్రశ్నలు ఎందుకు వస్తాయో, వాటికి ఎట్లు సిద్ధపడవలెనో తెలిసికొనుట అవసరం.

ఒకే తీరం, రెండు ప్రయాణాలు

ఉత్తరాంధ్ర తీరం నుండి పనికై బయలుదేరినవారికి ఆ రోజులలో రెండు దారులు ఉండేవి. కొందరు రైలెక్కి బెంగాల్ వైపు వెళ్ళినారు. మరి కొందరు ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళినారు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం కనుక రంగూన్ ప్రయాణం సైతం స్వదేశ ప్రయాణమే. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరుమీదుగా అక్కడి తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు.

1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మాను భారతదేశం నుండి వేరుచేసినారు. అక్కడి తెలుగువారు ఒక్క అడుగు కదలకుండానే పరదేశంలో ఉన్నవారయినారు. 1942లో జపాను సైన్యాలు బర్మాను ఆక్రమించినప్పుడు వేలాదిమంది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశం చేరవలసి వచ్చినది. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం ఏర్పడిన తరువాత మరెందరో కాందిశీకులుగా తిరిగి వచ్చినారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ ఆ చరిత్రను గుర్తుచేస్తున్నది.

బెంగాల్ కూడ ఇట్టి అనుభవాన్ని చవిచూచినది. 1947లో దేశ విభజన జరిగినా, తూర్పు, పశ్చిమ బెంగాల్‌ల మధ్య కొంతకాలం రాకపోకలకు పాస్‌పోర్టు అక్కరలేకపోయినది. 1952 అక్టోబరులో భారత, పాకిస్తాన్‌ల మధ్య పాస్‌పోర్టు, వీసా విధానం అమలులోకి వచ్చినది. నిన్నటి పొరుగూరు ఆనాటితో అనుమతి లేనిదే అడుగుపెట్టరాని చోటయినది. ఖరగ్‌పూరుకు వచ్చిన తెలుగువారి బిడ్డలకు అట్టి గతి పట్టలేదంటే, వారు దాటినవి ఒకే దేశంలోని ఎల్లలు కావటమే కారణం.

పాస్‌పోర్టు వేరు, వీసా వేరు

పాస్‌పోర్టు మన ప్రభుత్వం ఇచ్చేది. ఇతడు మా పౌరుడు అని అది లోకానికి చెబుతుంది. వీసా మనం వెళ్ళదలచిన దేశం ఇచ్చేది. ఇతడు మా వాకిట నిలిచి లోనికి రమ్మనుమని అడుగవచ్చునని అది చెబుతుంది. వీసా చేతికి వచ్చినంత మాత్రాన ప్రవేశం లభించినట్లు కాదు. విమానం దిగినచోట ఉండే అధికారిదే తుది నిర్ణయం.

పాస్‌పోర్టు ప్రభుత్వ దయాధర్మం కాదని మన న్యాయస్థానాలు స్పష్టం చేసినవి. విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1967 ఏప్రిల్‌లో తీర్పు చెప్పినది. అదే సంవత్సరం జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చినది. పాస్‌పోర్టును స్వాధీనం చేసికొనేటప్పుడు అనుసరించే పద్ధతి న్యాయసమ్మతంగా, సహేతుకంగా ఉండవలెనని 1978 జనవరిలో మేనకా గాంధీ వ్యాజ్యంలో అదే న్యాయస్థానం నిర్ణయించినది. కనుక పాస్‌పోర్టు నిరాకరించినప్పుడు, చట్టం పేర్కొన్న ప్రత్యేక సందర్భాలలో తప్ప, కారణాన్ని వ్రాతపూర్వకంగా పొందుటకు, పై అధికారికి అప్పీలు చేసికొనుటకు పౌరునికి వీలున్నది. వీసా విషయంలో ఇట్టి హక్కు అన్ని దేశాలలోనూ ఉండదు. ఎవరిని లోనికి రానివ్వవలెనో నిర్ణయించుకొనుట ఆ దేశపు సార్వభౌమాధికారం.

అన్ని దేశాలకూ ఒకే నియమం లేదు. నేపాల్‌కు వెళ్ళే భారతీయునికి వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు గాని ఎన్నికల గుర్తింపు కార్డు గాని ఉంటే చాలును. భూటాన్‌కు వీసా అక్కరలేకపోయినా ప్రవేశ అనుమతి తీసికొనవలెను. కొన్ని దేశాలు వీసాకు బదులు, ప్రయాణానికి ముందే కంప్యూటర్ ద్వారా పొందే ప్రయాణానుమతిని ప్రవేశపెట్టినవి. 1996లో ఆస్ట్రేలియా ఈ పద్ధతికి నాంది పలికినది. ఐరోపాలోని షెంగెన్ కూటమిలో 29 దేశాలున్నవి. వాటిలో ఒక దేశమిచ్చిన స్వల్పకాల వీసాతో తక్కినవాటిలోనూ తిరుగవచ్చును. ప్రతి 180 రోజులలో ఉండదగినవి మొత్తం 90 రోజులే.

పేరులోనే చిక్కు

బహుభాషా పట్టణంలో నివసించే తెలుగు కుటుంబానికి మొదటి ఆటంకం పేరు వద్దనే ఎదురవుతుంది. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు వెనుక. బెంగాల్‌లో వ్యక్తి పేరు ముందు, వంశనామం వెనుక. కనుక అప్పారావు వంటి పేరును చూచిన గుమస్తా, రావు అనేది వంశనామమనుకొని దానిని విడదీస్తాడు. అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగులుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. వంగలిపిలో మన వకారానికి సరియైన అక్షరం వాడుకలో లేదు. అందుచేత వేంకట శబ్దం ఒకచోట బకారంతోను, ఒకచోట భకారంతోను కనిపిస్తుంది. దానిని మరల ఆంగ్లంలోకి మార్చినప్పుడు మూడవ రూపం పుడుతుంది. రైల్వే సర్వీసు పుస్తకంలో ఒక రూపం, పాఠశాల పత్రంలో ఒక రూపం, ఆధార్ కార్డులో మరొక రూపం ఉన్న కుటుంబాలు తక్కువేమీ కావు.

ఊరిలో దీనివలన కష్టం లేదు. మనిషిని ఎరిగినవారు పేరును సరిదిద్దుకొంటారు. యంత్రం అట్లు చేయదు. నేటి పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పుట అడుగున రెండు వరుసలు ఉంటాయి. ఒక్కొక్క వరుసలో 44 స్థానాలు. ఇంటిపేరు, వ్యక్తి పేరు, పాస్‌పోర్టు సంఖ్య, జన్మదినం, గడువు మొదలైనవి అందులో ఇమిడి ఉంటాయి. విమానాశ్రయంలోని యంత్రం చదివేది ఆ వరుసలనే. చేతితో వ్రాసిన పాత పాస్‌పోర్టులు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయం ప్రకారం 2015 నవంబరు 24 తరువాత చెల్లకుండా పోయినవి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా ఇబ్బందియే. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారిని సందర్శక వీసాపై అనుమతించబోమని 2022 నవంబరులో సంయుక్త అరబ్ ఎమిరేట్లు ప్రకటించినది.

అందుచేత దరఖాస్తుకు పూనుకొనక ముందే కుటుంబమంతా ఒకచోట కూర్చుండి పత్రాలన్నీ పరచి చూచుకొనుట మంచిది. పేరుకు ఒకే రూపం నిర్ణయించుకొని, తక్కినవాటిని ముందుగా దిద్దించుకొనవలెను. తండ్రి పేరు, భార్య పేరు, జన్మదినం అన్నిటా ఒక్కటిగా ఉన్నవో లేదో పరికించవలెను.

పాస్‌పోర్టుకు దరఖాస్తు

పశ్చిమ బెంగాల్‌వారికి ప్రాంతీయ కార్యాలయం కోల్‌కతాలో ఉన్నది. ఖరగ్‌పూర్ నుండి హౌరాకు రైలుమార్గాన సుమారు 115 కిలోమీటర్లు. అయితే ఇప్పుడు దరఖాస్తును ఇంటినుండే కంప్యూటర్ ద్వారా పంపి, నిర్ణయించిన తేదీన సేవా కేంద్రానికి వెళ్ళవచ్చును. 2017 నుండి పలు తపాలా కార్యాలయాలలో సైతం ఈ కేంద్రాలు తెరిచినారు. కేంద్రంలో పత్రాలను పరిశీలించి, ఫోటో, వేలిముద్రలు తీసికొంటారు. పిదప పోలీసులు నివాసాన్ని విచారిస్తారు. పెద్దలకు పాస్‌పోర్టు గడువు పది సంవత్సరాలు.

పాతతరం స్త్రీలకు జన్మదిన ధ్రువపత్రం లేకపోవుట సామాన్యం. 2016 డిసెంబరులో చేసిన సడలింపు వారికి ఊరట. ఆధార్, పాన్, ఎన్నికల కార్డు వంటివి సైతం జన్మదినానికి ఆధారంగా చెల్లుతాయి. విశ్రాంత ప్రభుత్వోద్యోగికి పింఛను ఉత్తర్వు చాలును. 2023 అక్టోబరు 1 నాడు, ఆ తరువాత పుట్టిన బిడ్డలకు మాత్రం జనన ధ్రువపత్రమే కావలెను. పేరు పెట్టిన వెంటనే దానిని సక్రమంగా నమోదు చేయించుట తల్లిదండ్రుల బాధ్యత.

పనుల తొందరలో అబద్ధపు వివరాలు ఇచ్చుట ప్రమాదకరం. పాస్‌పోర్టు పొందుటకు తెలిసి తప్పుడు సమాచారమిచ్చినవారికి రెండేండ్ల వరకు జైలుశిక్ష, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించుటకు చట్టంలో వీలున్నది.

వీసా అధికారి చూచేది ఏమి?

కోల్‌కతాలోని అమెరికా దౌత్య కార్యాలయం మిక్కిలి పాతది. 1792లోనే అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ కలకత్తాకు దౌత్య ప్రతినిధిని నియమించినాడు. సుభాష్‌పల్లి తల్లి నేడు అక్కడికే వెళ్ళవలెను. సందర్శకులుగా వచ్చేవారు తమ దేశంలోనే స్థిరపడదలచినారని ముందుగా భావించవలెనని అమెరికా చట్టం చెబుతుంది. అట్లు కాదని నమ్మించే భారం దరఖాస్తుదారుదే. అధికారి అడిగే ప్రశ్నలు కొన్నే. ఎందుకు వెళుతున్నారు? ఎంతకాలం ఉంటారు? ఖర్చు ఎవరిది? ఇక్కడ మీకు ఎవరున్నారు?

బట్టీ పట్టిన జవాబులకంటె ఉన్న సత్యమే ఇక్కడ బలం. కూతురి పురిటికి వెళుతున్నప్పుడు ఆ మాటే చెప్పవలెను. భర్త పింఛను, సొంత ఇల్లు, ఇక్కడున్న కొడుకు, కోడలు, ఇవన్నీ తిరిగి వస్తారనుటకు నిదర్శనాలు. దరఖాస్తులో వ్రాసినదానికి, నోటితో చెప్పినదానికి తేడా ఉండరాదు. వీసా రాకముందే టిక్కెట్లు కొనరాదు. వీసా గడువు వేరు, అక్కడ ఉండే గడువు వేరు అని గుర్తుంచుకొనవలెను. పదేండ్ల వీసా ఉన్నవారు కూడ దిగినచోట అధికారి నిర్ణయించిన తేదీలోపల బయలుదేరి రావలసినదే.

కూలికై వెళ్ళేవారికి రక్షణ

గల్ఫ్ దేశాలకు పనికై వెళ్ళే యువకుల సంగతి వేరు. వారిని మోసం నుండి కాపాడుటకు 1983లో వలసల చట్టం వచ్చినది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు సాధారణంగా 18 దేశాలలో ఉద్యోగానికి వెళ్ళేముందు వలస రక్షకాధికారి అనుమతి పొందవలెను. ఈ కార్యాలయాలు కోల్‌కతాలోను, హైదరాబాదులోను ఉన్నవి. ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్ళుట క్షేమం. సందర్శక వీసాపై పంపి అక్కడ పని చూపుతామనేవారి మాట నమ్మరాదు. అట్లు వెళ్ళినవాడు చట్టం దృష్టిలో పనివాడు కాడు. జీతం ఇవ్వకపోయినా, దెబ్బ తగిలినా అడుగుటకు అతని చేతిలో ఒప్పందమంటూ ఉండదు. పాస్‌పోర్టును యజమాని చేతికి ఇచ్చి నిస్సహాయులైనవారు కలరు. అది భారత ప్రభుత్వపు ఆస్తి అని చట్టమే చెబుతున్నది.

ఒక తెలుగువాని అనుభవం

పరదేశపు అనుమతి ఎంత సన్నని దారమో వరాహగిరి వేంకటగిరి జీవితం చెబుతుంది. బరంపురంలో 1894లో తెలుగు కుటుంబాన పుట్టిన ఆయన 1913లో న్యాయశాస్త్రం చదువుటకు డబ్లిన్ వెళ్ళినాడు. ఐర్లండు స్వాతంత్ర్యోద్యమంతో సంబంధమున్నదన్న అనుమానంపై 1916లో ఆయనను ఆ దేశం విడిచి పొమ్మన్నారు. స్వదేశం వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకుడైనాడు. ఆ రైల్వేలోనే కదా ఖరగ్‌పూర్ తెలుగువారి పూర్వులు పనిచేసినది.

1969లో ఆయన రాష్ట్రపతి అయినారు. భారతీయ పాస్‌పోర్టు తెరిస్తే, దీనిని ధరించినవారిని ఆటంకం లేక పోనివ్వవలెనని, అవసరమైన సాయం, రక్షణ ఇవ్వవలెనని భారత రాష్ట్రపతి పేరిట కోరిన వాక్యం కనిపిస్తుంది. ఒకనాడు పరదేశం పొమ్మన్న విద్యార్థియే 1974 వరకు ఆ పదవిలో ఉండెను.

సుభాష్‌పల్లి అమ్మమ్మ చేతిలో ఉండబోయే చిన్న పుస్తకంలోను అదే వాక్యం ఉంటుంది. అందులో ఆమె మాతృభాష ఏమిటో, ఏ రాష్ట్రం నుండి పూర్వులు వచ్చినారో అడిగే గడి లేదు. ఆమె పౌరసత్వానికి ఎదురుగా ఉండేది భారతీయురాలు అన్న ఒక్క మాటే. ఆ మాట వెనుక దేశం నిలుస్తుంది. దాని పక్కన వ్రాసుకొనే తన పేరు, తేదీ, ఊరు సత్యంగా, ఒక్కటిగా ఉండేటట్లు చూచుకొనుట మాత్రం ఆమె వంతు.