హస్తవాసి పెరిగేకొద్దీ వైద్యుడి భారం

పటాన్‌చెరు: అనుభవం పెరిగిన వైద్యుడికి పని సులువవుతుందన్నది సర్వసాధారణ అభిప్రాయం. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో క్లినిక్ నడిపే ఎంబీబీఎస్ వైద్యుల విషయంలో ఇది సగమే నిజం. అనుభవంతో వారి భారం తగ్గదు, దాని స్వరూపం మారుతుంది.

కొత్తగా బోర్డు పెట్టిన వైద్యుడిని వేధించేది అనిశ్చితి. ఛాతీలో మంటగా ఉందన్న వ్యక్తికి వచ్చింది గ్యాస్ సమస్యా, గుండెపోటా అన్న సందేహం తేలక పరీక్షలు రాస్తాడు. అవసరం లేకున్నా నగరానికి పంపుతాడు. ఇంటికి పంపిన రోగికి ఏమైందోనన్న ఆందోళనతో రాత్రి నిద్రపట్టదు. పదిహేను, ఇరవై ఏళ్లు గడిచాక రోగి నడిచి వచ్చే తీరులోనే సగం విషయం బోధపడుతుంది. ఎవరికి మాత్రలు చాలు, ఎవరిని తక్షణం సంగారెడ్డి ప్రభుత్వ ఆస్పత్రికి తరలించాలి అన్న నిర్ణయానికి ఎక్కువ సమయం పట్టదు.

అయితే ఆదా అయిన సమయం వైద్యుడికి మిగలదు. హస్తవాసి మంచిదన్న పేరు వచ్చిందంటే ఓపీ పెరుగుతుంది. ఆర్‌ఎంపీల వద్ద, ఇతర క్లినిక్‌లలో నయం కాని చిక్కు కేసులన్నీ చివరకు ఆ గుమ్మానికే చేరతాయి. తాత, తండ్రి, మనవడు ఒకే వైద్యుడి వద్దకు వస్తారు. బీపీ మాత్రలతోపాటు ఇంటి తగాదాలు, అప్పుల బాధలూ ఆయన చెవిన వేస్తారు. ఇవేవీ ఫీజు లెక్కలోకి వచ్చేవి కావు.

ఏ ప్లాంటులో పని?

పారిశ్రామికవాడలో అనుభవం మరో ప్రశ్నను నేర్పుతుంది. నెలల తరబడి దగ్గు, చేతులపై దద్దుర్లు, కళ్ల మంటతో వచ్చిన కార్మికుడికి కొత్త వైద్యుడు మందు రాసి పంపుతాడు. అనుభవజ్ఞుడు ఏ ప్లాంటులో పని, రియాక్టర్ దగ్గరా లేక ప్యాకింగ్‌లోనా, సెలవు రోజుల్లో బాధ తగ్గుతోందా అని అడుగుతాడు. రోగిని వృత్తి ఏమిటని అడగాలని 1700లోనే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని తన గ్రంథంలో సూచించారు. మూడు శతాబ్దాలు దాటినా మన క్లినిక్‌లలో చాలా చీటీలపై పేరు, వయసు తప్ప వృత్తికి చోటు ఉండదు.

ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కార్మికుడి చేత ఈ వివరాలు చెప్పించడానికి సమయం పడుతుంది. బయట వరుసలో ఉన్నవారు విసుక్కుంటారు. అసలు చిక్కు సమాధానం తెలిశాక మొదలవుతుంది. కారణం పని స్థలంలో ఉన్నప్పుడు మందు తాత్కాలిక ఉపశమనమే. పని మానమని చెబితే కూలి పోతుంది. కంపెనీ పేరు రాస్తే గుత్తేదారు రేపు రానివ్వడని, రాయవద్దని కాంట్రాక్టు కార్మికుడే వేడుకునే పరిస్థితి.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. వృత్తి వ్యాధుల జాబితాలోని జబ్బు ఉందని అనుమానం కలిగినా వైద్యుడు ఫ్యాక్టరీల తనిఖీ విభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఈ బాధ్యత కొనసాగింది. రాస్తే రోగి ఉపాధికి ముప్పు, రాయకుంటే చట్టానికి విరుద్ధం. సరైన పని ఏదో తెలిసీ, పరిస్థితులు చేయనివ్వనప్పుడు కలిగే ఈ క్షోభకు అమెరికా తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లో నైతిక వేదన అని పేరు పెట్టారు. కొత్త వైద్యుడిని తెలియనితనం బాధిస్తే, పాత వైద్యుడిని తెలిసినతనమే బాధిస్తుంది.

ఈ వేదనను నాలుగు గోడల మధ్య దాచుకోని వ్యక్తి పటాన్‌చెరుకు చెందిన దివంగత డాక్టర్ అల్లాని కిషన్‌రావు. రోగులలో కనిపించిన జబ్బులకు, నక్కవాగులో కలుస్తున్న పారిశ్రామిక వ్యర్థజలాలకు ఉన్న సంబంధాన్ని గుర్తించి గ్రామీణులతో కలసి ఉద్యమించారు. ఈ ప్రాంత కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. క్లినిక్, ఉద్యమం రెండూ మోయడం అందరికీ సాధ్యం కాదు. ప్రతి వైద్యుడి నుంచీ దానిని ఆశించడం న్యాయమూ కాదు.

చీటీపై రాసే ఒక్క వాక్యానికి మాత్రం విలువ ఉంది. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికుడికి వృత్తి వ్యాధి నిర్ధారణ అయితే దానిని పనిలో తగిలిన గాయంతో సమానంగా పరిగణిస్తారు. పని వివరాలు, బాధ ఎప్పుడు మొదలైందన్నది వైద్యుడు మొదటిసారే నమోదు చేస్తే రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆస్పత్రికి వెళ్లినప్పుడు అది ఆధారమవుతుంది. పాత చీటీలు పారేయకుండా వెంట తీసుకెళ్లడం, చేస్తున్న పని ఏమిటో, వాడుతున్న రసాయనం పేరేమిటో అడగకముందే చెప్పడం రోగి చేయదగిన సాయం.