సముద్రంలో డ్యూటీ, ఒడ్డున సంసారం: అపోహలు – వాస్తవాలు

ముంబయి తీరానికి పడమరగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న ముంబయి హై క్షేత్రంలో 1976లో చమురు ఉత్పత్తి మొదలైంది. తూర్పున కాకినాడ తీరానికి ఎదురుగా, కృష్ణా–గోదావరి బేసిన్ లోతు నీళ్లలోని ఓఎన్‌జీసీ బ్లాకు నుంచి 2024 జనవరిలో తొలి చమురు వచ్చింది. ఈ రిగ్గుల మీదా ప్లాట్‌ఫాంల మీదా పనిచేసేవారిలో గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. వాళ్ల జీతాల గురించి నలుగురూ మాట్లాడుకుంటారు. ఒడ్డున ఉండిపోయిన భార్య ఉద్యోగం ఎలా సాగుతుందో, ఇల్లు ఎలా నడుస్తుందో పట్టించుకునేవారు తక్కువ.

అన్నిటికన్నా బాగా పాతుకుపోయిన అపోహ, ఆఫ్‌షోర్ ఉద్యోగికి ఏడాదిలో సగం సెలవులేనన్నది. సాధారణంగా 14 రోజులు డ్యూటీ, 14 రోజులు ఆఫ్. డ్యూటీలో రోజుకు 12 గంటల పని, మధ్యలో ఆదివారం లేదు. మొత్తం 168 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఆఫీసు ఉద్యోగి నాలుగు వారాల్లో చేసేది 160 గంటలే. అంటే నెల పనిని రెండు వారాల్లో ముగించినవాడు మిగతా రెండు వారాలు ఇంట్లో కనిపిస్తున్నాడు. అందులోనూ నైట్ షిఫ్టు చేసి వస్తే మొదటి రెండు మూడు రోజులు నిద్ర దారిలో పడటానికే సరిపోతాయి. రోస్టరుకు సంక్రాంతి లేదు, పిల్లల పరీక్షలు లేవు. కూతురి ఓణీల వేడుకకు ముహూర్తం పెట్టాలన్నా ముందు సిబ్బంది మారే ‘క్రూ చేంజ్’ తేదీ చూసుకోవాల్సిందే.

‘అంత సంపాదిస్తుంటే ఆవిడకు ఉద్యోగం ఎందుకు?’ అన్నది బంధువుల మాట. ఆ సంపాదన అందరికీ నికరం కాదు. కాంట్రాక్టు మీద వెళ్లేవారిలో చాలామందికి పనిచేసిన రోజులకే డబ్బు. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్లు దాటిన చమురు 2016 జనవరికి 30 డాలర్ల లోపు పడిపోయింది. ప్రపంచమంతటా రిగ్గులు ఖాళీగా నిలిచిపోయాయి. అలాంటి కాలంలో ఇంటి అప్పు వాయిదా కట్టేది భార్య జీతమే. అయినా భారమంతా పడేది ఆమె ఉద్యోగం మీదే. బిడ్డకు జ్వరం వచ్చినా, అత్తగారికి కంటి ఆపరేషన్ అయినా ఖర్చయ్యేది ఆమె క్యాజువల్ లీవే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే ఆమెకు అలాంటి హక్కేదీ చట్టం ఇవ్వలేదు. ఇది న్యాయం కాదు.

ఆయన గడపలో అడుగుపెడితే కష్టాలన్నీ తీరిపోతాయనుకోవడం మరో పొరపాటు. ఉత్తర సముద్రపు చమురు పనులకు కేంద్రమైన స్కాట్లండ్ నగరం అబర్డీన్‌లో 1970ల చివర, 1980లలో మనోవైద్యులు ఈ కుటుంబాలను పరిశీలించారు. వచ్చిపోయే భర్తలున్న కొందరు ఇల్లాళ్లలో ఆందోళన, దిగులు కనిపించాయి. ఎవరి ప్రేమలోనో లోపం ఉండి వచ్చే చిక్కు కాదిది. రెండు వారాలు అన్ని నిర్ణయాలూ ఒంటిచేత్తో తీసుకున్న మనిషి పదిహేనో రోజున ప్రతిదానికీ ఇంకొకరిని అడగాలి. వచ్చినవాడేమో తాను లేకుండానే ఇల్లు సాఫీగా నడిచిపోయిందని చిన్నబుచ్చుకుంటాడు. పిల్లవాడి ట్యూషన్, పడక వేళలు వచ్చీరాగానే మార్చకుండా, ఆ ఇంటి పద్ధతిలో తాను ఇమిడిపోయే భర్త ఉన్నచోట ఈ ఒరిపిడి బాగా తగ్గుతుంది.

అవసరమైతే మర్నాటికల్లా వచ్చేస్తాడన్న భరోసా కూడా గట్టిది కాదు. హెలికాప్టర్‌లో సీటు ఉండాలి, వాతావరణం అనుకూలించాలి. వానాకాలంలో ఎగరడమే కుదరని రోజులుంటాయి. ఫోను ఎత్తకపోతే ప్రమాదం జరిగిందని బెంబేలెత్తనక్కరలేదు. మామూలు మొబైల్ వల్ల నిప్పురవ్వ పుట్టవచ్చని చమురు, గ్యాసు ఉండే చోటికి దాన్ని తీసుకెళ్లనివ్వరు.

సముద్రంలో సంపాదనకు పన్ను లేదన్నదీ నిజం కాదు. ముంబయి హైలో పనిచేసి తెచ్చుకున్న జీతానికి ఇక్కడ పన్ను కట్టాలి. విదేశీ రిగ్గుల మీద 28 రోజుల చొప్పున చేసేవారి విషయం భారత్‌లో గడిపిన రోజుల లెక్కను బట్టి ఉంటుంది. 182 రోజుల గీతకు అటో ఇటో అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి పాస్‌పోర్టు మీద ప్రతి ముద్రా లెక్కకు వస్తుంది.

గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి ఓటీపీ అడుగుతాడు. అది వెళ్లేది కనెక్షన్‌కు జత చేసిన భర్త నంబరుకు. ఆ ఫోను సముద్రం మధ్య లాకర్లో ఉంటుంది. ఆఫీసుకు టైమవుతున్న ఇల్లాలు చేసేదేమీ ఉండదు. ఆఫ్‌లో ఇంటికి వచ్చిన ప్రతి భర్తా ముందుగా గ్యాసుకూ పిల్లల బడికీ భార్య నంబరు జత చేయించాలి, బ్యాంకు ఖాతాను ఇద్దరి పేర ఉమ్మడిగా పెట్టాలి.